నాన్నగారికి ఆల్డాక్టోన్ కలిపారు, కొబ్బరి బొండాలు మానేయమంటున్నారు. లాసిక్స్‌కి తాగమన్నారు కదండీ?

రాజోలు_అబ్బాయి:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఊరు. నేను ఉద్యోగం మీద హైదరాబాద్‌లో ఉంటున్నాను. అమ్మా నాన్నగారూ ఊళ్ళోనే ఉంటారు. నాన్నగారికి 68 ఏళ్ళు. కిందటేడు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఎకో తీస్తే పంపింగ్ 30 శాతమే ఉందన్నారు. అప్పటినుంచి రామిప్రిల్, మెటోప్రొలాల్, రక్తం పలచబడే మాత్రలతోపాటు కాళ్ళ వాపుకి లాసిక్స్ 40 పొద్దున్నే ఒకటి వేసుకుంటున్నారు.

లాసిక్స్ వల్ల పొటాషియం పోతుందని అప్పటి డాక్టరుగారే ఒక పొటాషియం సిరప్ రాసి, రోజూ అరటిపండు తినండి, కొబ్బరినీళ్ళు తాగండి అన్నారు. మాకు కొబ్బరితోట ఉంది. ఇక చెప్పేదేముంది, డాక్టరు చెప్పిన సలహాల్లో నాన్నగారు తు.చ. తప్పకుండా పాటించింది ఇదొక్కటే. పొద్దున ఒక బొండాం, సాయంత్రం ఒకటి.

ఇప్పుడు ఆయాసం మళ్ళీ కొంచెం పెరిగిందని రాజమండ్రిలో చూపిస్తే ఆల్డాక్టోన్ 25 కలిపారు. చీటీ కింద ‘వారంలో పొటాషియం, క్రియాటినిన్’ అని రాశారు. బయటికొచ్చేటప్పుడు మందుల కౌంటర్ అబ్బాయి, ‘ఇక బొండాలు, అరటిపళ్ళు తగ్గించండి’ అన్నాడట. సిరప్ గురించి ఎవరూ ఏమీ అనలేదు, అమ్మ రోజూ ఇస్తూనే ఉంది.

నా అనుమానం ఏంటంటే, రెండూ నీరు లాగే మాత్రలే కదా. ఒకదానికి తాగమని, ఇంకోదానికి మానమని ఎందుకంటారు? అసలు రెండెందుకు? ఇంకో రెండు సంగతులు కూడా చెప్పేస్తాను. గుండెకి మంచిదని ఆన్‌లైన్‌లో తక్కువ సోడియం ఉప్పు కొని నేనే ఇంటికి పంపాను. మోకాళ్ళ నొప్పులకి నాన్నగారు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మాత్రలు తెచ్చుకుంటారు. పరీక్ష చేయించుకోమంటే ‘ఒంట్లో బానే ఉంది కదరా, మళ్ళీ రక్తం ఎందుకు’ అంటున్నారు. నాకైతే టెన్షన్‌గా ఉంది.


గౌతమి_గట్టు:

తమ్ముడూ, కొబ్బరినీళ్ళు చలవ. మన తాతలంతా తాగి నూరేళ్ళు బతికారు. మందుల వాళ్ళు అన్నీ మానమంటూనే ఉంటారు. బొండాం వల్ల ఎవరికైనా ఏమైనా అయిందని నేనైతే వినలేదు.


పాత_ఫార్మసిస్టు:

అమలాపురం వైపు ఆస్పత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గౌతమి గారూ, కిడ్నీ బాగా పనిచేస్తూ ఏ మందూ వాడని మనిషికి మీరన్నది నిజమే. ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీ బయటికి తోసేస్తుంది. ఈ అబ్బాయి వాళ్ళ నాన్నగారికి ఆ తోసే దారినే మందులతో బిగించారు. ఆయన్ని మన తాతలతో పోల్చకూడదు.

బాబూ, ముందు ఫోన్ తీసుకుని ఆ రాజమండ్రి డాక్టరుగారికి చెయ్యి. ఆయన దొరక్కపోతే ఆయన దగ్గరుండే అసిస్టెంటుకైనా చెప్పు. ‘పాత డాక్టరుగారు రాసిన పొటాషియం సిరప్ ఇంకా వాడుతున్నారు, ఇంట్లో తక్కువ సోడియం ఉప్పు వాడుతున్నారు’ అని ఈ రెండు ముక్కలూ చెప్పాలి. చీటీలో లేని మందు డాక్టరుకి కనపడదు. ఆయనతో మాట్లాడేదాకా అమ్మగారిని సిరప్ పక్కన పెట్టమను, ఇంట్లో మామూలు ఉప్పు కొద్దిగా వాడమను. ఆల్డాక్టోన్ మాత్రం నీ అంతట నువ్వు ఆపించకు.

ఇప్పుడు నువ్వడిగిన దానికి వస్తాను. కాలువ కింద పొలం ఉన్నవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీళ్ళలో ఎక్కువ భాగం పై ఆయకట్టే వాడేసుకుంటుంది, శివారుకి వచ్చేది కొంచెమే. కిడ్నీలో గొట్టాల పని కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. రక్తం నుంచి వడకట్టిన సోడియంలో మూడింట రెండొంతులు గొట్టం మొదట్లోనే ఒంట్లోకి తిరిగి వెళ్ళిపోతుంది. ఇంకో పావు వంతు మధ్యలో లూప్ అనే వంపు దగ్గర వెళ్తుంది. లాసిక్స్ పనిచేసేది ఆ వంపులో. అంత పెద్ద వాటాని ఆపుతుంది కాబట్టే వేసుకున్న గంటకల్లా బాత్‌రూమ్‌కి పరుగు. ఆల్డాక్టోన్ పనిచేసేది శివారులో. అక్కడ జరిగేది 2, 3 శాతం సోడియం వ్యవహారమే. అందుకే నీరు లాగడంలో అది బలహీనమైన మాత్ర, ఒక్కదాన్నే వేస్తే కాళ్ళ వాపు పెద్దగా తియ్యదు.

కానీ అసలు కిటుకంతా ఆ శివారులోనే ఉంది. అక్కడ సోడియం లోపలికి వెళ్తుంటే దానికి బదులుగా పొటాషియం మూత్రంలోకి పోతుంది. ఈ మారకాన్ని నడిపించేది ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్, కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. లాసిక్స్ పైన ఆపిన సోడియమంతా కిందికి వచ్చి పడుతుంది కదా, దాంతో శివారులో మారకం జోరందుకుని పొటాషియం ఎక్కువగా పోతుంది. సిరప్, అరటిపండు, బొండాం రాసింది అందుకే, అప్పటికి అది సరైన సలహానే. ఆల్డాక్టోన్‌లో ఉన్న స్పైరనోలాక్టోన్ వచ్చి ఆల్డోస్టిరోన్ అతుక్కునే చోట ముందే అతుక్కుంటుంది. మారకం తగ్గిపోతుంది, సోడియం కాస్త బయటికి పోతుంది, పొటాషియం ఒంట్లో నిలుస్తుంది. రెండు మాత్రలూ నీటి మాత్రలే అయినా పొటాషియం విషయంలో ఒకటి తూర్పు, ఇంకోటి పడమర. పాత సలహా చెల్లనిది అందుకే.

ఇంకో సంగతి. ఆల్డోస్టిరోన్ కణం లోపలికి వెళ్ళి కొత్త ప్రోటీన్లు తయారుచేయించి పని నడిపిస్తుంది. దాన్ని అడ్డుకునే మందు ప్రభావం కూడా అందుకే నెమ్మది. మొదలుపెట్టిన రెండు మూడు రోజులకి గానీ పూర్తిగా తెలియదు, ఆపాక కూడా అదే రోజు పోదు. ‘నిన్న వేసుకున్నాను, ఏమీ కాలేదు’ అని ధీమా పడకూడదు. అమిలోరైడ్, ట్రయామ్టెరిన్ అని ఇంకో రెండు మందులున్నాయి. అవి హార్మోన్ జోలికి పోకుండా సోడియం లోపలికొచ్చే ద్వారాన్నే నేరుగా మూస్తాయి, కాబట్టి గంటల్లోనే పని కనపడుతుంది. అవీ పొటాషియాన్ని నిలిపేవే.

మరి అంత బలహీనమైన మాత్ర గుండెకెందుకు అంటావేమో. నీటికోసం కాదు. గుండె నీరసించినప్పుడు ఆల్డోస్టిరోన్ ఎక్కువై గుండె కండరంలో పీచు పెరిగేలా చేస్తుంది, గుండె బిగుసుకుంటుంది. దాన్ని అడ్డుకోవడానికే ఈ మాత్ర. 1999లో వచ్చిన రేల్స్ అనే పెద్ద పరిశోధనలో పంపింగ్ బాగా తగ్గిన 1663 మందిలో సగం మందికి మిగతా మందులకి తోడు స్పైరనోలాక్టోన్ 25 మి.గ్రా.తో మొదలుపెట్టి ఇస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్ళకన్నా మరణాలు 30 శాతం తగ్గాయి. నాన్నగారికి రాసింది ఆ 25 మి.గ్రా. మోతాదే. కౌంటర్ అబ్బాయి మాట విని భయపడి ఈ మాత్ర మానేస్తే నష్టపోయేది ఆయనే.

ఆ కథకి రెండో సగం ఉంది, అది తెలియాలి. ఆ ఫలితం చూసి కెనడాలోని ఒంటారియోలో డాక్టర్లంతా ఈ మాత్ర విరివిగా రాశారు. పరిశోధనలో అయితే రోగుల్ని ఏరి తీసుకున్నారు, వరసగా రక్తపరీక్షలు చేశారు. బయట అంత జాగ్రత్త లేదు. రామిప్రిల్ జాతి మందులు వాడుతూ గుండె వైఫల్యంతో ఆస్పత్రికి వెళ్ళొచ్చిన వాళ్ళలో, పొటాషియం పెరిగి మళ్ళీ ఆస్పత్రిలో చేరేవాళ్ళు 1994లో వెయ్యికి 2.4 మంది ఉంటే 2001కి 11 మందయ్యారు. 2004లో ఈ లెక్క బయటికొచ్చింది. మాత్ర అదే, తేడా అంతా ఎవరికి ఇచ్చారు, ఎంత చూసుకున్నారు అన్న దగ్గరే.

నాన్నగారి దగ్గర ఎన్ని కూడాయో చూడు. రామిప్రిల్ వల్ల ఆల్డోస్టిరోన్ ముందే తగ్గుతుంది, పొటాషియం కొంచెం నిలుస్తుంది. డాక్టర్లు దాన్నీ ఆల్డాక్టోన్‌నీ కలిపి కావాలనే రాస్తారు, తప్పు లేదు. కానీ దాని మీద సిరప్. ఈ సిరప్‌లు మామూలుగా 15 మి.లీ.కి 20 మిల్లీ ఈక్వివలెంట్లు, అంటే దాదాపు 780 మి.గ్రా. పొటాషియం. కొబ్బరినీళ్ళలో 100 మి.లీ.కి సుమారు 250 మి.గ్రా. ఉంటుంది. 300 మి.లీ. దిగే బొండాం ఒక మోతాదు సిరప్‌తో సమానమన్నమాట. రోజుకి రెండు బొండాలు, ఒక సిరప్, ఒక అరటిపండు. నువ్వు పంపిన ఉప్పులో సోడియం తగ్గించి ఆ చోట కలిపేది పొటాషియం క్లోరైడే. డబ్బా వెనక చదువు, ఉంటుంది. దాని మీద ఆర్‌ఎంపీ మాత్రలు.

ఆ ఆర్‌ఎంపీ మాత్రల దగ్గర కొంచెం ఆగుతాను, మన వైపు ప్రమాదం ఎక్కువగా వచ్చేది అక్కణ్ణుంచే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఇవి కిడ్నీకి రక్తం తగ్గిస్తాయి, పొటాషియం బయటికి పోవడాన్ని తగ్గిస్తాయి, పైగా ఉప్పూ నీరూ నిలిపి గుండె జబ్బుని ముదరబెడతాయి. ‘నొప్పి మాత్ర’ అని కాగితంలో చుట్టి ఇస్తే పేరు కూడా తెలియదు. ఆ కాగితం పొట్లాలు నాన్నగారిని తీసుకోనివ్వకు. నొప్పికి పారాసెటమాల్ ఎంతవరకు వేసుకోవచ్చో గుండె డాక్టరునే అడగండి. ఇంకోటి, మూత్రంలో మంట అని వెళ్తే సెప్ట్రాన్ ఇచ్చే అలవాటు ఇంకా పోలేదు. అందులోని ట్రైమెథోప్రిమ్ కిడ్నీలో సరిగ్గా అమిలోరైడ్ చేసే పనే చేస్తుంది. ఆల్డాక్టోన్ వాడే పెద్దవాళ్ళకి అది పడితే పొటాషియం చాలా త్వరగా పెరగొచ్చు. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ‘ఆల్డాక్టోన్ వాడుతున్నాను’ అని మందులు రాయకముందే చెప్పాలి.

ఒంట్లో బానే ఉంది అంటున్నారు కదా. పొటాషియం పెరిగితే చాలామందికి ఏమీ తెలియదు. కొందరికి కాళ్ళు సత్తువ లేనట్టు, చేతులు తిమ్మిరిగా ఉంటాయి. నాడి బాగా నెమ్మదించడం, కళ్ళు తిరిగి పడిపోవడం అంటే విషయం అప్పటికే గుండె దాకా వెళ్ళింది. అప్పుడు వెంటనే 108కి ఫోన్ చేసి ఈసీజీ, రక్తపరీక్ష ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ముందే తెలిసే దారి పరీక్ష ఒక్కటే.

మామూలుగా పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 5 దాటి ఉన్నవాళ్ళకీ, కిడ్నీ లెక్క ఈజీఎఫ్ఆర్ 30 కన్నా తక్కువున్న వాళ్ళకీ సాధారణంగా ఈ మాత్ర మొదలుపెట్టరు. వాడుతుండగా 5.5 దాటితే డాక్టర్లు మోతాదు సగం చేస్తారు, 6 దాటితే ఆపేస్తారు. మొదలుపెట్టిన వారానికి ఒకసారి, నెలకి ఒకసారి, ఆ తర్వాత కొన్ని నెలలకోసారి చూస్తారు. మోతాదు మారితే మళ్ళీ మొదటినుంచి. క్రియాటినిన్ 1.2 అని చూసి బాగుందనుకోవద్దు. కండ తగ్గిన పెద్దవాళ్ళలో ఆ అంకె మామూలుగానే కనపడి కిడ్నీ మాత్రం తగ్గి ఉండొచ్చు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ కూడా వేయించు.


ల్యాబ్_లక్ష్మి, రావులపాలెం:

ఫార్మసిస్టు గారు చెప్పినదానికి నా వంతు. ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నాను. పొటాషియం పరీక్ష రక్తం తీసే తీరు మీద చాలా ఆధారపడుతుంది. ఊళ్ళో ఇంటికొచ్చి తీసే కుర్రాళ్ళు రబ్బరు పట్టీ గట్టిగా కట్టి ‘పిడికిలి బిగించు, వదులు, బిగించు’ అని చాలాసార్లు అనిపిస్తారు. దాంతోనే అంకె పెరుగుతుంది. సన్న సూదితో గట్టిగా లాగితే కణాలు పగిలి లోపలి పొటాషియం బయటికొస్తుంది, ఒంట్లో పొటాషియం ఎక్కువగా ఉండేది కణాల లోపలే కదా. పొద్దున తీసిన ట్యూబు బండి పెట్టెలో పది ఊళ్ళు తిరిగి మధ్యాహ్నం మిషను దగ్గరికి చేరినా అంతే. ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది అనుకుంటారు, సీరం వేరు చేయకుండా చల్లగా పెడితే ఇంకా పెరుగుతుంది.

అందుకని ఈ ఒక్క పరీక్షకి రాజోలులోనో అమలాపురంలోనో మిషను ఉన్న ల్యాబుకే మనిషిని తీసుకెళ్ళండి. పరగడుపు అక్కర్లేదు. రిపోర్టు మీద ‘హిమోలైజ్డ్’, అంటే కణాలు పగిలాయి అని ఉంటే మళ్ళీ రక్తం ఇవ్వాలి. అలాగని ఎక్కువొచ్చిన ప్రతి రిపోర్టునీ ల్యాబ్ తప్పు అని పక్కన పడెయ్యకండి. ఆ రోజే డాక్టరుకి చూపించి, ఆ రోజే మళ్ళీ రక్తం ఇచ్చి, ఈసీజీ తీయించుకోండి.


పాలకొల్లు_అక్క:

చర్చ మధ్యలో వస్తున్నాను, ఏమీ అనుకోకండి. మావారు కూడా ఇదే మాత్ర 50 వాడుతున్నారు, లివర్ గట్టిపడి కడుపులో నీరు చేరితే. కొన్నాళ్ళ నుంచి రొమ్ము కింద గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉందట. సిగ్గుపడి నాకు కూడా చెప్పలేదు, మాత్ర మాత్రం చెప్పకుండా మానేశారు. కడుపు మళ్ళీ ఉబ్బితే అప్పుడు బయటపడింది. ఇది మాత్ర వల్లనేనా?


పాత_ఫార్మసిస్టు:

అక్కా, చాలామంది మగవాళ్ళు ఈ కారణంతోనే చెప్పకుండా మానేస్తారు. స్పైరనోలాక్టోన్ ఆల్డోస్టిరోన్‌ని మాత్రమే కాకుండా మగ హార్మోన్‌ని కూడా కొంత అడ్డుకుంటుంది, దాంతో రొమ్ము పెరగొచ్చు, నొప్పి రావొచ్చు. ఆడవాళ్ళకైతే నెలసరి తప్పొచ్చు. గర్భిణులకి మామూలుగా ఇవ్వరు. లివర్ జబ్బులో కూడా హార్మోన్లు తారుమారై రొమ్ము పెరుగుతుంది కాబట్టి కారణం ఏదో డాక్టరు చూసే చెప్పాలి. ఒకవైపే గడ్డలా ఉంటే తప్పకుండా చూపించండి. మాత్ర వల్లే అయితే ఎప్లరినోన్‌కి గానీ అమిలోరైడ్‌కి గానీ మారుస్తారు. ఎప్లరినోన్ ఆల్డోస్టిరోన్ మీదే గురిగా పనిచేస్తుంది, ఈ బాధ బాగా తక్కువ. ఖరీదు మాత్రం ఎక్కువ.

కడుపులో నీరున్న వాళ్ళకి లెక్క వేరు. అక్కడ స్పైరనోలాక్టోనే ముఖ్యమైన మందు, 100 దాకా, అవసరమైతే 400 దాకా కూడా పెంచుతారు, తోడుగా లాసిక్స్ ఇస్తారు. ఇంట్లో రోజూ ఒకే వేళకి బరువు చూసి రాయండి. కాళ్ళ వాపు లేకపోతే రోజుకి అరకిలో కన్నా ఎక్కువ తగ్గకూడదు, వాపుంటే కిలో దాకా పర్వాలేదు. అంతకుమించి తగ్గుతున్నా, మాట తడబడుతున్నా, పగలంతా మగతగా ఉన్నా వెంటనే చెప్పాలి.

ఇద్దరికీ కలిపి ఇంకో మాట. లాసిలాక్టోన్ 50 అని ఒక మాత్ర ఉంది. అందులో లాసిక్స్ మందు 20, స్పైరనోలాక్టోన్ 50 కలిసి ఉంటాయి. ఒక డాక్టరు అది రాస్తారు, ఇంకో డాక్టరు ఆల్డాక్టోన్ రాస్తారు, పేర్లు వేరు కాబట్టి ఇంట్లో రెండూ వేసేస్తారు. పట్టీ వెనక చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు చదవండి, అందులో ‘స్పైరనోలాక్టోన్’ ఒకసారే రావాలి.


రాజోలు_అబ్బాయి:

అప్‌డేట్ అండి. ఆ రోజే ఫోన్ చేశాను. సిరప్ వెంటనే ఆపేయమన్నారు, వారం దాకా ఆగకుండా మర్నాడే పరీక్ష చేయించమన్నారు. మా బావగారు నాన్నగారిని బండి మీద ల్యాబుకే తీసుకెళ్ళారు. పొటాషియం 5.6, క్రియాటినిన్ 1.3 వచ్చాయి. ఈసీజీ బాగానే ఉందన్నారు. ఆ ఉప్పు, బొండాలు కూడా మాన్పించారు, ఆల్డాక్టోన్ రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ చూస్తే 4.8. మోకాళ్ళకి పారాసెటమాల్, వేడి కాపడం చెప్పారు. ఆర్‌ఎంపీ గారికి కూడా నేనే ఫోన్ చేసి మందుల లిస్టు వాట్సాప్ చేశాను, ఆయన ఏమీ అనుకోలేదు, పైగా ఫోన్‌లో సేవ్ చేసుకున్నానన్నారు.

ఇంట్లో కూర సంగతి అమ్మ అడగమంది. కంద, మునగాకు, టమాటా, పనసపొట్టు, ఇవన్నీ మానేయాలా? వంట ఎలా చెయ్యాలో తెలియడం లేదంటోంది.


పాత_ఫార్మసిస్టు:

4.8 అంటే మంచిదే, కానీ అది సిరప్, ఉప్పు, బొండాలు తీసేశాక వచ్చిన అంకె. వంటింట్లో ఇంకేం కొయ్యనక్కర్లేదు, పెద్దాయన అసలే తిండి తగ్గించేస్తారు. కంద, ఆకుకూరల్లాంటివి ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండమను, పొటాషియం చాలావరకు ఆ నీళ్ళతో పోతుంది. పులుసులో ముక్క తిని రసం తక్కువ తాగాలి. ఆవకాయ, ఎండుచేపల గొడవ పొటాషియంది కాదు, సోడియంది, అది గుండె కోసం తగ్గించాలి. ఆల్డాక్టోన్ వేసుకునే రోజున తిన్నాకే, ఒకే వేళకి వేసుకోమను. తిండితో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది.

ఇక వేసవి. రోహిణి కార్తె ఎండల్లో తోటలోకి వెళ్ళి చెమటలు కారి, తిండి సయించక, పైగా వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ నెమ్మదిస్తుంది. రోజూ సరిపోయే మోతాదే ఆ రోజు ఎక్కువైపోతుంది. అలాంటి రోజు మాత్ర వేసే ముందే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. ఆల్డాక్టోన్, రామిప్రిల్, లాసిక్స్‌లలో ఏది ఎన్నాళ్ళు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన చెబుతారు. ఓఆర్ఎస్ పొట్లంలో కూడా పొటాషియం క్లోరైడ్ లీటరుకి 1.5 గ్రాములు ఉంటుంది, అదీ ఆయన్ని అడిగే ఎంత తాగాలో తెలుసుకోండి. ఈ సంగతి ఇప్పుడే అడిగి, ఆయన చెప్పింది చీటీ వెనక రాయించుకుని, దాన్ని మందుల డబ్బా మూత లోపల అంటించమను. నువ్వు హైదరాబాద్‌లో ఫోన్ ఎత్తకపోయినా అమ్మగారికి కనపడుతుంది.


రాజోలు_అబ్బాయి:

అలాగే అండి. నెల పరీక్షకి నేనే వస్తున్నాను. అప్పుడు ఈజీఎఫ్ఆర్ కూడా వేయించి ఇక్కడే పెడతాను.